పాదంలో ఇంకా తెరిచి ఉన్న దారి: మధుమేహుల ధమనులను ఎంఆర్‌ఐ ఎలా చూస్తుంది

మధుమేహం ఉన్న ఒకరి బొటనవేలి మీద చిన్న పుండు పడిందనుకుందాం. నెల దాటింది. యాంటీబయాటిక్స్ వాడారు, రోజూ కట్టు మారుస్తున్నారు, షుగర్ కూడా కొంత అదుపులోకి వచ్చింది. పుండు మాత్రం మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంది. ఇక్కడ ముందుగా తేలాల్సింది ఒక్కటే: ఆ వేలి దాకా రక్తం చేరుతోందా, లేదా?

అడగడం తేలికే. జవాబు రాబట్టడమే కష్టం. కాలి రక్తప్రసారం గురించి మామూలుగా కబురు చెప్పే గుర్తులూ పరీక్షలూ మధుమేహుల దగ్గరకు వచ్చేసరికి ఒకదాని తర్వాత ఒకటి మొరాయిస్తాయి. మొదటిది నొప్పి. ధమనులు పూడుకుపోతున్నవారికి కాస్త దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారిలో పాదాల స్పర్శ మొద్దుబారి ఉంటుంది కాబట్టి ఈ హెచ్చరిక రాకపోవచ్చు. మన మాటల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. నరం అంటే స్పర్శ తెలిపే నాడీ కావచ్చు, రక్తం పారే నాళమూ కావచ్చు. ‘కాలి నరాలు దెబ్బతిన్నాయి’ అని డాక్టరు చెబితే ఏది దెబ్బతిన్నదో రోగికి తెలియదు. చాలామందికి రెండూ దెబ్బతింటాయి. నాడి పోతే తిరిగి తెచ్చే మార్గం దాదాపు లేదు. ధమని పూడితే మాత్రం తెరిపించే అవకాశం తరచుగా ఉంటుంది.

రెండోది చీలమండ దగ్గర తీసే బీపీ. దాన్ని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె 0.9 కన్నా తక్కువైతే కాలి ధమనుల్లో పూడిక ఉందని లెక్క. మధుమేహంలో ధమని గోడ మధ్యపొరలో కాల్షియం పేరుకుని నాళం గట్టి గొట్టంలా తయారవుతుంది. 1903లో దీన్ని వివరించిన జర్మన్ వైద్యుడు మోంకెబెర్గ్ పేరే ఈ మార్పుకు స్థిరపడింది. బీపీ పట్టీని ఎంత బిగించినా ఆ గొట్టం నొక్కుకోదు. దాంతో అంకె 1.3, 1.4 దాటి పోతుంది. అలా దాటిపోతే కనీసం అనుమానమైనా వస్తుంది. అసలు ప్రమాదం 1.0 వచ్చినప్పుడే. లోపల పూడిక వల్ల తగ్గాల్సిన అంకెను గోడలోని కాల్షియం పైకి లాగితే, రెండు తప్పులూ కలిసి నార్మల్ రిపోర్టు ఇస్తాయి. కాలి వేళ్ల ధమనులకు ఈ కాల్షియం బెడద తక్కువ కాబట్టి అక్కడి ఒత్తిడి కొలిస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది. అది 30 మిల్లీమీటర్ల (పాదరసం) కన్నా దిగువన ఉంటే పుండు తనంతట తాను మానే అవకాశం బాగా తక్కువ. ఇక ధమనుల పటం తీయాల్సిందే.

2024 లెక్కల ప్రకారం ప్రపంచంలో 20 నుంచి 79 ఏళ్ల వయసువారిలో దాదాపు 58.9 కోట్ల మందికి మధుమేహం ఉందని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య అంచనా. వారిలో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడే అవకాశం నూటికి 19 నుంచి 34 మందికి ఉంటుందంటారు. అంటే ఆ పటం అవసరమయ్యేవారు కొద్దిమంది కారు.

సన్న నాళాల అపోహ

పటం దేనికి తీస్తున్నామో తెలియాలంటే ముందు ఒక పాత పొరపాటును చూడాలి. 1959లో వెలువడిన ఒక అధ్యయనంలో, తొలగించిన కాళ్ల కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, మధుమేహులకు పాదంలోని అతి సన్నని రక్తనాళాలే మూసుకుపోతాయని తేల్చారు. ఆ మాట వైద్యుల నోళ్లలో పాతుకుపోయింది. సన్న నాళాలే మూసుకుపోయాక పెద్ద ధమనిని బాగుచేసి లాభమేమిటి? కాలువ తవ్వినా చివరి మడికి నీరు అందనప్పుడు తవ్వడం దేనికి? ఈ తర్కంతో, కాపాడదగిన కాళ్లను కూడా తీసేయడానికే మొగ్గు చూపారు.

1984లో అమెరికాకు చెందిన లొజర్ఫో, కాఫ్‌మన్ అనే వైద్యులు ఈ నమ్మకాన్ని నేరుగా సవాలు చేశారు. తర్వాత జరిగిన పరిశీలనల్లో సన్న నాళాలను మూసేసే ప్రత్యేకమైన జబ్బేదీ రుజువు కాలేదని, అసలు పూడిక మోకాలికీ చీలమండకూ మధ్య ఉన్న ధమనుల్లో ఉంటుందని, దాని దిగువన పాదంలోని ధమని చాలాసార్లు బాగానే మిగిలి ఉంటుందని వారి వాదన. బోస్టన్‌లో ఇదే నమ్మకంతో కాలి సిరను తీసి, పూడిక పైభాగం నుంచి నేరుగా పాదం పైనున్న ధమనికి అతికే బైపాస్ ఆపరేషన్లు చేశారు. పదేళ్లలో చేసిన అలాంటి 1,032 ఆపరేషన్ల ఫలితాలను 2003లో ప్రచురించారు. ఆ రోగుల్లో అత్యధికులు మధుమేహులే. ‘షుగర్ కాలు, ఇక లాభం లేదు’ అన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు అక్కర్లేదు.

అయితే ఈ జవాబును కూడా మరీ సాగదీయకూడదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో, ముఖ్యంగా డయాలసిస్ మీద ఉన్నవారిలో, పాదం లోపలి ధమనులూ వేళ్ల ధమనులూ కూడా పూడుకుపోవడం నిజంగానే చూస్తుంటారు. అందరికీ సన్న నాళాలే పోయాయనడం ఎంత తప్పో, ఎవరికీ పోవనడమూ అంతే తప్పు. ఎవరి పాదంలో ఏది మిగిలిందో విడివిడిగా చూడాల్సిందే.

ధమనుల పటం మీద అడిగే ప్రశ్న దీనితో మారిపోయింది. గుండె యాంజియోగ్రామ్‌లో ‘అడ్డం ఎక్కడ?’ అని వెతుకుతారు. మధుమేహుల కాలిలో అడ్డాలు ఉంటాయని తెలిసిందే, తరచుగా ఒకటి కాదు, పొడవునా వరసగా ఉంటాయి. సర్జన్‌కు కావలసింది ఆ అడ్డాల దిగువన ఇంకా తెరిచి ఉన్న దారి. బైపాస్ నాళాన్ని ఎక్కడ అతకాలి, పూడికను లోపలినుంచే వెడల్పు చేసే బెలూన్ తీగను ఎక్కడి దాకా నడిపిస్తే అసలు ధమని తిరిగి దొరుకుతుంది అన్నది.

ఆ దారులు ఎక్కువేమీ లేవు. మోకాలి కింద మూడు ధమనులుంటాయి. ముందువైపు దిగేది పాదం పైకి వచ్చి, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య సందులోంచి అరికాలిలోకి దూకుతుంది. వెనకవైపుది చీలమండ లోపలి గుబ్బ వెనకగా దిగి అరికాలిలో రెండు పాయలవుతుంది. మూడోది ఫిబులా, అంటే పిక్క బయటివైపున్న సన్న ఎముక పక్కనే ఉంటుంది. దాన్ని మధుమేహం చాలాసార్లు ఆఖరున ముట్టుకుంటుంది. మొదటి రెండూ అరికాలిలో విల్లులా కలుసుకుంటాయి. వేళ్లకు వెళ్లే కొమ్మలు ఆ విల్లు నుంచే బయల్దేరతాయి. విల్లు తెగకుండా ఉంటే ఒకవైపు ధమని పోయినా రెండోవైపు రక్తం పాదాన్ని సాకుతుంది. తెగి ఉంటే ఒక ధమనిని బాగుచేసినా రెండో వైపుకు మేలు జరగకపోవచ్చు.

కనిపించని ధమని

తొడ దగ్గర సన్నని గొట్టం ఎక్కించి, అయోడిన్ ఉన్న డై పంపి, ఎక్స్‌రేలు తీసే యాంజియోగ్రామ్‌నే ఇప్పటికీ అన్ని పరీక్షలకూ కొలమానంగా పెట్టుకుంటారు. దానిలోనూ ఒక లోపం ఉంది. ధమని పొడవునా పూడి ఉంటే డై పక్కదారులు పట్టి, పలచబడి పాదానికి చేరుతుంది. అది చేరే సరికి ఎక్స్‌రేల వరస అయిపోయి ఉండవచ్చు. పాదంలో ధమని ఉన్నా ఫిల్మ్ మీద కనిపించదు. 1992లో ఫిలడెల్ఫియా వైద్యుల బృందం ఒకటి ఇదే చూపించింది. మామూలు యాంజియోగ్రామ్‌లో కనిపించని, బైపాస్‌కు పనికొచ్చే ధమనులు ఎంఆర్‌ఐలో కనిపించాయి. కొలబద్ద అనుకున్నదే తక్కువ కొలిచిందన్నమాట. పాదం ధమనుల విషయంలో ఎంఆర్‌ఐకి గౌరవం దక్కడం అక్కడే మొదలైందనవచ్చు.

సీటీ యాంజియోకు అడ్డం కాల్షియమే. గోడలోని కాల్షియం సీటీలో తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు దాని అసలు పరిమాణం కన్నా వెడల్పుగా పరుచుకుంటుంది. తొడ ధమనిలో ఎలాగో సర్దుకోవచ్చు. రెండు మిల్లీమీటర్ల ధమనిలో చుట్టూ మెరుపు ఉంటే లోపల దారి ఉందో లేదో చెప్పడం కష్టం. ధ్వని తరంగాలతో రక్తం పారుదలను చూసే డాప్లర్ స్కాన్ చవకది, సూది అక్కర్లేనిది, మంచి చేతిలో చాలా చెబుతుంది. కానీ కాల్షియం నీడలు దాన్నీ అడ్డుకుంటాయి. పైగా స్కాన్ చేసినవారు చూసిందంతా సర్జన్ ముందు ఒక పటంలా పరిచిపెట్టడం కుదరదు.

ఎంఆర్‌ఐ చూసేది హైడ్రోజన్‌ను, అంటే చాలావరకు నీటిని. గట్టిపడిన కాల్షియంలో కదిలే నీరు దాదాపు ఉండదు కాబట్టి అది సంకేతం ఇవ్వదు. మెరవదు, లోపల పారే రక్తాన్ని కప్పేయదు. సీటీకి కళ్లు మిరుమిట్లు గొలిపే గోడ ఎంఆర్‌ఐకి నల్లటి గీత మాత్రమే. మధుమేహుల పాదానికి ఈ యంత్రం సరిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

సిరతో పందెం

రక్తాన్ని మెరిపించడానికి ఎక్కువ చోట్ల వాడేది గడోలినియం మందు. చేతి సిరలోకి ఇస్తారు. అది కలిసిన రక్తంలోని హైడ్రోజన్, యంత్రం పంపే రేడియో తరంగం తగిలాక తిరిగి తేరుకునే సమయం బాగా తగ్గి, చిత్రంలో ఆ రక్తం తెల్లగా వెలుగుతుంది. మందు ధమనిలో ఉండి, సిరలోకి ఇంకా తిరగని కొద్ది క్షణాల్లోనే చిత్రం తీయాలి. తొడ దగ్గర ఆ వ్యవధి సరిపోతుంది. పాదం దగ్గర మాత్రం సరిపోదు.

కారణం మధుమేహంలోనే ఉంది. పాదం చర్మంలో ధమనినీ సిరనూ నేరుగా కలిపే అడ్డదారులుంటాయి. వాటిని మామూలుగా బిగించి ఉంచే నాడులు మధుమేహంలో చచ్చుబడితే అవి తెరుచుకుని ఉండిపోతాయి. రక్తం కణజాలానికి అందకుండానే గబగబా సిరలోకి మళ్లుతుంది. పుండులో ఇన్ఫెక్షన్ ఉంటే ఈ వేగం ఇంకా పెరుగుతుంది. ఫలితంగా చిత్రంలో ధమని పక్కనే రెండేసి సిరలు కూడా వెలిగి, ఏది ఏదో తేలక రేడియాలజిస్టు తల పట్టుకోవాల్సి వస్తుంది. నడుము నుంచి కింది దాకా టేబుల్‌ను జరుపుకుంటూ తీసే పద్ధతిలో పాదం వంతు చివర వస్తుంది కాబట్టి సరిగ్గా కావలసిన చోటే చిత్రం చెడుతుంది.

దీనికి విరుగుళ్లు కనిపెట్టారు. టేబుల్ వరసను తిరగేసి, ముందు పాదానికి విడిగా ఒక డోసు ఇచ్చి చిత్రం తీసి, తర్వాత పై భాగాలకు వెళ్లడం ఒకటి. కొన్ని సెకన్లకొక చిత్రం చొప్పున వరసగా తీసి, సిర వెలగకముందు వచ్చిన దాన్ని ఎంచుకోవడం ఇంకొకటి. తొడకు బీపీ పట్టీ కట్టి 50, 60 మిల్లీమీటర్ల ఒత్తిడితో రక్తం వెనక్కి రావడాన్ని నెమ్మదింపజేసే చిట్కా కూడా ఉంది. మధుమేహుల పాదానికి ఎంఆర్ యాంజియో (ఎంఆర్‌ఐతో తీసే ధమనుల పటం) రాస్తున్నప్పుడు పాదాన్ని విడిగా తీస్తారా అని అడగడం వృథా ప్రశ్న కాదు. కాలంతటికీ కలిపి తీసిన స్కాన్‌లో పాదం చిత్రం మసకబారి వస్తే పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది.

గడోలినియం భయం ఎక్కడి నుంచి వచ్చింది

1997లో డయాలసిస్ రోగుల్లో ఒక వింత జబ్బు కనిపించింది. చర్మం చెక్కలా గట్టిపడి కీళ్లు వంగకుండా పోయేవి. కొందరిలో లోపలి అవయవాలకూ పాకింది. 2000లో దాన్ని వైద్యపత్రికలో వర్ణించారు. కారణం తెలియడానికి మరో ఆరేళ్లు పట్టింది. 2006లో ఆస్ట్రియా వైద్యుడు గ్రోబ్నర్, అలాంటి రోగులకు అంతకుముందు గడోలినియంతో ఎంఆర్ యాంజియో చేశారని గమనించారు. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులన్నిటిమీదా తీవ్ర హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది.

మధుమేహుల విషయంలో ఇది ఎంత పెద్ద దెబ్బో చెప్పనక్కర్లేదు. పాదం దెబ్బతినేంత కాలం షుగర్ ఉన్నవారిలో చాలామందికి కిడ్నీలూ దెబ్బతిని ఉంటాయి. అయోడిన్ డై కిడ్నీకి భారం కావచ్చని దాన్ని తప్పించి వీరిని ఎంఆర్‌ఐకి పంపేవారు. ఆ హెచ్చరిక తర్వాత ఎంఆర్‌ఐ మందు కూడా వద్దన్నారు. ఈ పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తలుపు మూసుకుంది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, గడోలినియం మందులన్నీ ఒకటి కావు. లోహపు అణువును గొలుసులా చుట్టి పట్టుకునే రకాల్లో కొన్ని దాన్ని వదిలేస్తాయి. ఉంగరంలా చుట్టూ బిగించి పట్టుకునే రకాలు గట్టివి. చర్మం జబ్బులో ఎక్కువ భాగం గొలుసు రకాలతో ముడిపడినదే. 2014లో జపాన్ నుంచి వచ్చిన పరిశీలన, పదేపదే మందు తీసుకున్నవారి మెదడులోనూ గడోలినియం జాడ మిగులుతోందని సూచించింది. 2017లో యూరప్ ఔషధ సంస్థ గొలుసు రకాల్లో పలు మందుల వాడకాన్ని నిలిపివేయడమో పరిమితం చేయడమో చేసింది. ఇప్పుడు సురక్షిత వర్గంలో చేర్చిన మందులతో, కిడ్నీ పనితనం తెలిపే ఈజీఎఫ్‌ఆర్ అంకె 30 కన్నా దిగువన ఉన్నవారిలోనూ ఆ చర్మం జబ్బు ముప్పు అత్యంత తక్కువని రేడియాలజీ సంఘాల మాట. అయినా పాత భయం పూర్తిగా పోలేదు. ‘క్రియాటినిన్ ఎక్కువుంది, కాంట్రాస్ట్ ఇవ్వం’ అని ఎవరైనా అంటే, ఏ మందు గురించి మాట్లాడుతున్నారో అడగడం న్యాయమే.

పారే రక్తమే రంగుగా

మూసుకున్న తలుపు ఒక మేలు కూడా చేసింది. మందు లేకుండా ధమనులను చూసే పద్ధతుల మీద పరిశోధన ఊపందుకుంది. వాటన్నిటికీ మూలం ఒకే ఊహ: రక్తం కదులుతుంది, చుట్టూ ఉన్న కండరం కదలదు. ఆ తేడానే రంగుగా వాడుకోవచ్చు.

అన్నిటికన్నా పాత పద్ధతిలో ఒక పలుచని అడ్డకోతలో (చిత్రం తీసే పలుచని పొరలో) ఉన్న కణజాలాన్ని రేడియో తరంగాలతో పదేపదే కొట్టి, సంకేతం ఇవ్వకుండా నోరు మూయిస్తారు. పైనుంచి కొత్తగా వచ్చే రక్తం ఆ దెబ్బలు తినలేదు కనుక వెలుగుతుంది. పని చేస్తుంది, కానీ చాలా నెమ్మది. 2010లో అమెరికాలో ఎడెల్మన్ బృందం దీన్ని బాగా మెరుగుపరిచింది. గుండె కొట్టుకోవడంతో జత చేసి, ఒక్కో స్పందనకు ఒక్కో కోత. ముందు కోతలోని కణజాలాన్ని మూగబోయేలా చేసి, గుండె రక్తాన్ని నెట్టే పావు సెకను పాటు ఏమీ చేయకుండా ఆగుతారు. ఆ నిశ్శబ్దంలో కొత్త రక్తం కోతలోకి నిండుతుంది. రక్తం నెమ్మదించగానే ఒక్క దెబ్బలో చిత్రం తీస్తారు. కిందినుంచి వచ్చే సిర రక్తాన్ని విడిగా అణిచేస్తారు. పిక్క దాకా దీని ఫలితాలు చాలా బాగుంటాయి.

పాదంలో చిక్కు వస్తుంది. కాలు నిలువుగా దిగుతుంది, ధమని కోతను సూటిగా దాటుతుంది. పాదం దగ్గర ధమని అడ్డంగా తిరిగి, కోత వెంబడే సాగుతుంది. అలా సాగే రక్తం అదే కోతలో ఎక్కువసేపు ఉండి తరంగాల దెబ్బలు తిని మసకబారుతుంది. ఎంతో ముఖ్యమైన ఆ విల్లే సరిగ్గా ఇలా పడుకుని ఉంటుంది.

అందుకే మధుమేహుల పాదానికి ప్రత్యేకంగా ఆసక్తి రేపింది ఇంకో పద్ధతి. పాదం మొత్తాన్ని ఒక దిమ్మలా, మూడు కొలతల్లోనూ మిల్లీమీటరుకు అటూఇటుగా ఉండే చుక్కలతో రెండుసార్లు తీస్తారు. మొదటిసారి గుండె రక్తాన్ని బలంగా నెట్టే సమయంలో, కదిలేదాని సంకేతాన్ని చెదరగొట్టే అయస్కాంతపు తోపు ఇస్తారు. వేగంగా పారే ధమని రక్తం నల్లబడుతుంది. నెమ్మదిగా పారే సిర రక్తమూ, కదలని కండరమూ వెలుగుతూనే ఉంటాయి. రెండోసారి గుండె సడలిన సమయంలో, తోపు లేకుండా. అప్పుడు ధమని కూడా వెలుగుతుంది. రెండో చిత్రం నుంచి మొదటిదాన్ని తీసేస్తే రెండింటిలో ఒకేలా ఉన్నవన్నీ రద్దయి, మారిన ధమని ఒక్కటే మిగులుతుంది. నాళం ఏ దిక్కుకు తిరిగినా పర్వాలేదు. 2014లో మధుమేహుల పాదాల మీద ఈ పద్ధతి తొలి అనుభవాలు రేడియాలజీ పత్రికల్లో వచ్చాయి. గడోలినియం చిత్రాలకు దీటుగా, సిరల గొడవ తక్కువగా కనిపించిందన్నది వాటి సారం.

ఇందులో ఆ తోపు బలమే ఆయువుపట్టు. ఎక్కువైతే సిర కూడా నల్లబడి తీసివేతలో ధమనితోపాటు బయటపడుతుంది. తక్కువైతే నెమ్మదిగా పారే ధమని నల్లబడక, తీసివేతలో మాయమవుతుంది. ఒకరికి సరిపోయిన బలం ఇంకొకరికి సరిపోదు. అసలు స్కాన్‌కు ముందు చిన్న ప్రయత్నపు చిత్రాలు తీసి ఎవరి పాదానికి ఎంత కావాలో చూసుకోవడం అందుకే.

ఇక్కడే ఈ మొత్తం వ్యవహారంలోని అసలు చిక్కు ఉంది. ఈ పద్ధతులన్నీ రక్తం పరుగు మీద ఆధారపడినవి. తీవ్రంగా పూడిన కాలిలో, అడ్డాల దిగువన పాదానికి చేరే రక్తానికి పరుగు ఉండదు. గుండె తోసినప్పుడూ సడలినప్పుడూ తేడా లేకుండా నీరసంగా జారుతుంది. పరుగు ఎక్కడ చచ్చిందో అక్కడే చిత్రం బలహీనపడుతుంది. సర్జన్ వెతికేదీ అక్కడే. మందు లేని ఎంఆర్‌ఐలో పాదం ధమని తెల్లగా, నిండుగా కనిపించిందంటే దాన్ని నమ్మవచ్చు. కనిపించలేదంటే మాత్రం అది మూసుకుపోయిందని కాదు, రక్తం ఉండి కూడా కదలడం లేదేమో చూడాలి. వెలుగుకు ఇచ్చినంత విలువ ఖాళీకి ఇవ్వకూడదు. ఈ రెండింటినీ ఒకే తూకంతో చదివే రిపోర్టు రోగికి ప్రమాదకరం.

రిపోర్టులో పడే మెలికలు

పాదం ధమని వెడల్పు సుమారు రెండు మిల్లీమీటర్లు, వేళ్ల ధమనులు ఇంకా సన్నం. రెండు మిల్లీమీటర్ల నాళాన్ని ఒక మిల్లీమీటరు చుక్కలతో గీస్తే అడ్డంగా పట్టేవి రెండే చుక్కలు. వాటితో ‘60 శాతం ఇరుకు’ అని లెక్క కట్టడం ఉత్తుత్తి ఖచ్చితత్వం. తెరిచి ఉందా, మూసుకుందా, విల్లు అతుక్కుని ఉందా, తెగిందా అన్నంత వరకే ఈ చిత్రం నిజాయితీగా చెప్పగలదు. చికిత్సకు కావలసిందీ అంతే.

ఇరుకు దగ్గర రక్తం సుడులు తిరిగితే సంకేతం చెదిరి, ఉన్న ఇరుకు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. స్టెంట్ ఉన్న చోట లోహం వల్ల చిత్రంలో రంధ్రం పడి పూడికలా భ్రమ కలుగుతుంది. పాత స్టెంట్ వివరాలు రేడియాలజిస్టుకు ముందే చెప్పాలి. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో గుండెతో జత కట్టే పద్ధతులన్నీ తడబడతాయి. వేళ్ల చివర, మడమ దగ్గర పాదం ఆకారం వంకరగా ఉండడంతో అయస్కాంత క్షేత్రం సమంగా ఉండక కొవ్వు సంకేతం సరిగ్గా అణగదు.

వీటన్నిటికన్నా మామూలు కారణం ఒకటుంది: కదలడం. రక్తం తీవ్రంగా తగ్గిన కాలు పడుకుంటే నొప్పి ఎక్కువవుతుంది. మంచం మీంచి కిందికి వేలాడేస్తేనే కాస్త ఊరట. అలాంటివారిని అరగంటకు పైగా వెల్లకిలా కదలకుండా పడుకోమంటున్నాం. రెండు చిత్రాలను ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసే పద్ధతిలో, మధ్యలో పాదం మిల్లీమీటరు జరిగినా లెక్క చెడుతుంది. స్కాన్‌కు ముందు నొప్పి మాత్ర, పాదానికి మెత్తటి ఆనింపు ఉంటే, ఖరీదైన యంత్రం కన్నా ఎక్కువ మేలు జరగొచ్చు.

సన్నాహాల్లో షుగర్ రోగులకు ప్రత్యేకమైనవి కొన్ని. ఇన్సులిన్ పంపును స్కాన్ గదిలోకి తీసుకెళ్లకూడదు. ఒంటికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సార్ల సంగతి మోడల్‌ను బట్టి ఉంటుంది, చాలా వాటిని తీసేయాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. మెట్‌ఫార్మిన్‌ను అయోడిన్ డై ఇచ్చే కొన్ని సందర్భాల్లో ఆపుతారు. గడోలినియానికి ఆపనవసరం లేదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని మాత్ర మానేసి టెన్షన్ పడడం మామూలే.

ఎంఆర్‌ఐకి ఉన్న ఇంకో ఆధిక్యం పాదానికే ప్రత్యేకం. అదే సిటింగ్‌లో ఎముకను కూడా చూడవచ్చు. పుండు కింద ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందా, లోపల చీము గూడు కట్టిందా అన్నది ఎముక మజ్జ సంకేతంలోని మార్పును బట్టి తెలుస్తుంది. రక్తం తెప్పించినా కుళ్లిన ఎముక లోపలే ఉంటే పుండు మానదు కాబట్టి, రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు వెతకడం మంచిది.

పటం చెప్పనిది

ధమని తెరిచి ఉందంటే దారి ఉందని అర్థం. ఆ దారిలో వచ్చిన రక్తం పుండు ఉన్న చర్మానికి చాలినంత అందుతోందో లేదో ఈ పటం చెప్పదు. ఒక్కో ధమని పాదంలో ఒక్కో ప్రాంతాన్ని పోషిస్తుందన్న లెక్కను 1987లో టేలర్, పామర్ అనే వైద్యులు ప్రతిపాదించారు. మడమ పుండుకు ఏ ధమని, వేలి పుండుకు ఏ ధమని అని దాన్నిబట్టి ఎంచుకునే ప్రయత్నం చేస్తారు. మధుమేహంలో ప్రాంతాల సరిహద్దులు పక్కదారుల వల్ల చెరిగిపోయి ఉంటాయి కనుక ఇది ప్రతిసారీ అచ్చంగా కుదరదు. కణజాలంలో ప్రాణవాయువు ఎంత ఉందో, రక్తం ఎంత వేగంగా ఇంకుతోందో కొలిచే ఎంఆర్‌ఐ పద్ధతులు ఉన్నా అవి ఎక్కువగా పరిశోధనల్లోనే ఉన్నాయి. ప్రస్తుతానికి వేలి ఒత్తిడి, చర్మంపై ప్రాణవాయువు కొలత పటానికి తోడుండాలి. 2014లో అమెరికా రక్తనాళాల సర్జన్ల సంఘం తెచ్చిన వర్గీకరణ కూడా పుండు లోతు, రక్తం కొరత, ఇన్ఫెక్షన్ మూడింటినీ కలిపే ముప్పును తూచుతుంది.

దారి తెలిశాక ఏం చేయాలన్నది వేరే వాదం. 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, బైపాస్‌కు మంచి సిర ఉన్నవారికి ఆపరేషన్‌తో మొదలుపెడితే మేలని తేలింది. మరుసటి ఏడాది బ్రిటన్ నుంచి వచ్చినదానిలో, మోకాలి దిగువ ధమనుల విషయంలో బెలూన్‌తో మొదలుపెట్టినవారే మెరుగ్గా ఉన్నారు. రెండూ మంచి అధ్యయనాలే, ఎంచుకున్న రోగులు వేరు. ఏ పక్షం తీసుకున్నా, పాదంలో రక్తాన్ని దించే చోటు ఉందని తేలనిదే రెండు చికిత్సల్లో ఏదీ మొదలుకాదు.

అందుకే పటంలో పాదం ఖాళీగా వచ్చినప్పుడు అనుభవం ఉన్న సర్జన్లు ఫైలు మూయరు. ధమని ఉండాల్సిన గీత మీద, బొటనవేలిని పైకి లేపే స్నాయువుకు పక్కగా, పెన్ను సైజు డాప్లర్‌ను ఆనించి వింటారు. కాలిని మంచం అంచున వేలాడదీసి మరోసారి వింటారు. పటంలో లేని ధమని నుంచి సన్నగా, మెల్లగా హుష్‌మనే చప్పుడు వస్తే, ఆ చోటికి ఎదురుగా ఎంఆర్‌ఐ రిపోర్టు మీద ప్రశ్నార్థకం పెట్టి, ఆపరేషన్ థియేటర్‌లో చర్మం తెరిచి ఆ ధమనినే నేరుగా చూడాలా, ముందు గొట్టం ఎక్కించి యాంజియోగ్రామ్ తీయాలా అని చర్చించుకుంటారు.